ప్రశ్నలపెట్టె టీచరమ్మకు ఇంటి సాక్ష్యం

ఆవిడకి సిగ్గు లేదని చాలామంది అంటారు. అది నిందో మెచ్చుకోలో అన్నవాళ్లకే తెలియాలి. క్లాసులోకి నడిచొచ్చి, బల్ల మీద ఒక అట్టపెట్టె, దాని పక్కన ఒక గుడ్డసంచీ పెట్టి, పదమూడేళ్ల పిల్లల కళ్లలోకి సూటిగా చూస్తుంది. పిల్లలు ఎలా పుడతారో, ఒళ్లు ఎప్పుడెందుకు మారుతుందో, ఎవరైనా ఎక్కడ ముట్టుకుంటే గట్టిగా 'వద్దు' అని అరవాలో, ఒక్కో అవయవాన్నీ దాని అసలు పేరుతో పిలుస్తూ చెప్తుంది. క్లాసు అదుపులో ఉండాలని హెడ్మాస్టరు పంపగా వచ్చి వెనక బెంచీలో కూర్చున్న లెక్కల మాస్టారు, పాఠం మొదలైన కాసేపటికే కిటికీలోంచి బయట కాకుల్ని లెక్కపెట్టడంలో పడిపోతాడు. పిల్లలు మాత్రం ముందు కిచకిచ నవ్వుతారు. ఆ తర్వాత నోరు తెరుచుకుని వింటారు.

అట్టపెట్టె మూతకి సన్నటి చీలిక ఉంటుంది. పైన పెద్ద అక్షరాలతో 'ఏ ప్రశ్నా చిన్నది కాదు' అని రాసి ఉంటుంది. అడగడానికి మొహమాటపడేవాళ్లు చీటీ రాసి, పేరు పెట్టకుండా అందులో పడేస్తే, ఆవిడ అక్కడికక్కడే తీసి చదివి, కనురెప్ప కూడా వాల్చకుండా జవాబు చెప్తుంది. అందుకే ఏ బడికి వెళ్లినా ఆవిడ ప్రశ్నలపెట్టె టీచరమ్మే. అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు.

ఇలాంటి పని చేసేవాళ్లందరికీ ఒక సంఘం ఉంది. పూర్తి పేరు లైంగిక విద్యా బోధకుల, సలహాదారుల, చికిత్సకుల సంఘం. ఈ పేరు సంఘం నిబంధనల పుస్తకంలో మొదటి పేజీలో తప్ప ఎక్కడా కనిపించదు. ఆఫీసు బోర్డు మీద 'బో.స.చి. సంఘం' అని ఉంటుంది. ముందున్న మాటలు ఏమయ్యాయయ్యా అంటే, బోర్డు మీద చోటు చాల్లేదని కార్యదర్శి చెప్తాడు. బోర్డు చూస్తే సగం ఖాళీ. దాన్ని చిట్టీల కంపెనీ అనుకుని తలుపు తోసుకొచ్చినవాళ్లున్నారు. అసలు అవసరం ఉండి వెతుక్కుంటూ వచ్చిన పాపానికి, ఎంతోమంది ఆ గుమ్మం ముందే అటూ ఇటూ తచ్చాడి వెనక్కి వెళ్లిపోయారు.

సంఘం అధ్యక్షుడు చికిత్సకుడు. మాటామంతీ లేకుండా ఎడమొహం పెడమొహంగా బతికే మొగుడూ పెళ్లాల చేత మళ్లీ మాట్లాడించడంలో ఆయన దిట్టట. ఆయన నోటి వెంట మాత్రం 'ఆ విషయం' అన్న మాట తప్ప ఇంకో మాట సభలో ఎవరూ విని ఎరగరు. "ఆ విషయాన్ని ఆ కోణంలోంచి చూస్తే ఆ సమస్యకి ఆ విధంగా…" అని మొదలుపెట్టాడంటే, కొత్తగా చేరినవాళ్లు ఆయన కుళాయి కనెక్షన్ గురించి మాట్లాడుతున్నాడనుకుని తలూపుతారు. ఆయనకి చప్పట్లు కూడా బాగానే పడతాయి. అర్థమైతే పడవేమో.

ఈ సంఘాన్ని పెట్టిన పెద్ద డాక్టరమ్మ ఇప్పుడు గోడ మీద ఫొటోలో ఉంది. ఫొటోలో కూడా ఎవరినో నిలదీస్తున్నట్టే ఉంటుంది. ఆవిడ బతికుండగా ఒక నియమం పెట్టింది. సంఘంలో సీనియర్ సభ్యులకి బంగారు రంగు బిళ్ల ఒకటిస్తారు. ఆ బిళ్లని అధ్యక్షుడు గుచ్చకూడదు. సభ్యుడి ఇంటి మనిషి వేదిక ఎక్కి, రెండు ప్రశ్నలకి జవాబు చెప్పి, తన చేత్తో గుచ్చాలి. మీ మనిషి చేసే పనేమిటి? ఆ పని గురించి మీ ఇంట్లో ఎప్పుడైనా అబద్ధం చెప్పారా? దీన్నే ఇంటి సాక్ష్యం అంటారు. ఇంట్లో నోరు విప్పలేనివాళ్లకి బయట పాఠం చెప్పే హక్కెక్కడిదని ఆవిడ వాదన. ఏడాదికొక్కసారి, సంఘం వార్షిక సభలో ఈ తంతు జరుగుతుంది.

ఆవిడ ఫొటోలోకి వెళ్లిపోయాక నియమం అలాగే ఉంది. దాని ఎముకలే ఒక్కొక్కటీ ఊడిపోయాయి. అధ్యక్షుడి భార్య ఇచ్చిన సాక్ష్యం ఇప్పటికీ చెప్పుకుంటారు. "మావారు మనసు డాక్టరండీ. ఆయన మనసు కూడా చాలా మంచిది" అని చెప్పి బిళ్ల గుచ్చేసింది. పెళ్లి కాని సలహాదారుడొకాయన తన క్షవరం చేసే మనిషిని తీసుకొచ్చి తమ్ముడని చెప్పాడు. తమ్ముడు అన్నగారి జుట్టు గురించి చాలా ఆప్యాయంగా మాట్లాడాడు. ఇక రెండో ప్రశ్న ఉంది చూశారూ, దాన్ని అధ్యక్షుడు అడగడమూ ఆయనే జవాబు చెప్పుకోవడమూ అలవాటైపోయింది. "ఇంట్లో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు కదా, సంతోషం" అని ఒకే ఊపిరిలో అనేసి, గుండుసూది చేతికిచ్చేవాడు.

టీచరమ్మ ఇన్నాళ్లూ ఈ బిళ్ల జోలికి పోలేదు. ఇప్పుడు పోక తప్పలేదు. వచ్చే విద్యాసంవత్సరం నుంచి బంగారు బిళ్ల ఉన్నవాళ్లనే బడుల్లోకి రానివ్వాలని విద్యాశాఖ ఆఫీసు తేల్చి చెప్పింది. బిళ్ల లేకపోతే పెట్టె అటకెక్కాల్సిందే. జీతం సంగతి అలా ఉంచినా, చీటీలు రాసి పడేసే ఆ పిల్లలకి జవాబు ఎవరు చెప్తారు? ఆ లెక్కల మాస్టారా?

ఇప్పుడు ఇంటి సంగతికొద్దాం.

టీచరమ్మ మొగుడు లిఫ్టుల మెకానిక్. ఏ మేడలో లిఫ్టు అంతస్తుకీ అంతస్తుకీ మధ్య మొరాయించినా, లోపల ఇరుక్కున్నవాళ్లకి బయట నుంచి ధైర్యం చెప్పి, నిమ్మళంగా కిందికి దించగలడు. మంచివాడు. పెళ్లాం చేసే పని అంటే గౌరవం కూడాను. కాకపోతే ఆ గౌరవం ఇంటి గడప దాటి బయటికి వెళ్లేది కాదు. "మీ ఆవిడ ఏం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే "టీచరండీ" అనేవాడు. "ఏం చెప్తారు?" అంటే "పిల్లలకండీ" అనేవాడు. ఆపైన ఎవరైనా ఇంకేమైనా అడగబోతే, అర్జంటుగా ఏదో లిఫ్టు ఆగిపోయేది.

ఆ ఇంట్లో మూడో మనిషి ఆయన అక్కగారు. టీచరమ్మకి వదిన. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ని ఎత్తుకుని పెంచిన మనిషి. భర్త పోయాక ఒక ట్రంకుపెట్టె, ఒక కుట్టు మిషనుతో ఈ ఇంటికి వచ్చి, వెనకగదిలో మిషను వేసుకుని స్థిరపడింది. పిల్లల్లేరు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ చూపు ముందు లిఫ్టు మెకానిక్కే కాదు, లిఫ్టులు కూడా వణుకుతాయి.

వచ్చిన కొత్తలో ఓ సాయంత్రం బట్టకి అంచు కుడుతూ అడిగింది.

"అమ్మాయ్, నువ్వు బడిలో ఏం చెప్తావే?"

ఎన్ని బడులు, ఎందరు హెడ్మాస్టర్లు, కర్రలు పట్టుకుని గేటు దగ్గర కాపు కాసిన ఎంతమంది తండ్రులు! అందరి ముందూ నిటారుగా నిలబడ్డ మనిషి. ఆ ప్రశ్నకి మాత్రం చూపు పక్కకి తిప్పేసుకుంది.

"ఆరోగ్యం వదినా… అంటే, చేతులు కడుక్కోవడం, పళ్లు తోముకోవడం… అలాంటివి."

"ఓహో" అంది వదినగారు. దారం కొరికింది.

పెద్దది, భర్త పోయిన దుఃఖంలో ఉంది, పాతకాలం మనిషి, ఇప్పుడీ గొడవంతా ఎందుకులే అని టీచరమ్మ తనకి తాను సర్దిచెప్పుకుంది. కొన్నాళ్లాగి చెప్దామనుకుంది. ఆ కొన్నాళ్లు కాస్తా ఏళ్లయ్యాయి. రోజూ సాయంత్రం ఆవిడ చెప్పులు విప్పగానే వెనకగదిలోంచి అదే ప్రశ్న వచ్చేది.

"ఇవాళ చేతులా, పళ్లా?"

"పళ్లు వదినా" అనేది టీచరమ్మ. లేదా "చేతులు వదినా". చేతులు ఎక్కువసార్లు వచ్చేవి. ఆ ఇంట్లో అందరి చేతులూ శుభ్రంగానే ఉండేవి.

ఒకసారి బడులకి పట్టుకెళ్లే ప్లాస్టిక్ గర్భసంచి బొమ్మ బస్సులో ఎవరి కాలి కిందో పడి చితికిపోయింది. ఇంట్లో మిషను ఉంది, మిషను మీద చెయ్యి తిరిగిన మనిషుంది. టీచరమ్మ కాగితం మీద బొమ్మ గీసి, ఎర్ర మఖమల్ గుడ్డ తెచ్చి ఇచ్చింది. వదినగారు కళ్లద్దాలు సర్దుకుని బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఏంటే ఇది?"

"జీర్ణకోశం వదినా."

"మరి ఈ పక్కనొకటి, ఆ పక్కనొకటి, ఈ చేతులేంటి?"

"అవా… పేగులు."

"పేగుల చివర ఈ గుండ్రాలేంటి?"

"తిన్నవి… అరగనివి."

వదినగారు ఇంకేం అడగలేదు. కుట్టింది. ఎంత బాగా కుట్టిందంటే, లోపల మెత్తటి గులాబీరంగు గుడ్డతో అస్తరు వేసింది. అడక్కుండానే వేసింది. కుట్టడం అయ్యాక దాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. టీచరమ్మ వంటింట్లోంచి అది చూసింది. పనితనం చూసుకుని మురిసిపోతోంది కాబోలు అనుకుంది. ఎదుటివాళ్ల మొహం చూసి మనసులో ప్రశ్న పట్టేస్తుందని ఆవిడకి పేరు మరి!

సాక్ష్యం చెప్పే భారం లిఫ్టు మెకానిక్ మీద పడింది. ఆయన ఒప్పుకున్నాడు కూడా. "దాందేముంది, నాలుగు ముక్కలేగా" అన్నాడు. లిఫ్టు మోటారు గదుల్లో ఒక్కడే నిలబడి సాధన మొదలుపెట్టాడు. "సభకు నమస్కారం. నా భార్య లై… లై…" దగ్గర బండి ఆగిపోయేది. తోటి మెకానిక్ విని, ఏదైనా పాటల పోటీకి వెళ్తున్నావా అని అడిగాడట. స్నానాలగదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడులో అయితే మొత్తం వాక్యం చెప్పగలిగాడు. సభలో కుళాయి ఉండదు కదా.

సభ రోజు పొద్దున్న మంచం మీద కూర్చుని గొంతు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. గొంతు పూర్తిగా పోయిందని చేతులతో సైగ చేశాడు. టీచరమ్మ మెడ తడిమి చూసింది, నోట్లో టార్చిలైటు వేసి చూసింది. పాపం, ఎర్రగా కూడా లేదు. టీలో పంచదార తక్కువైందన్న సంగతి మాత్రం వంటింటిదాకా స్పష్టంగా వినిపించింది.

"ఏమండీ, ఇది నా ఉద్యోగమండీ" అంది టీచరమ్మ. అనేటప్పుడు ఆవిడ గొంతు నిజంగానే పోయింది.

ఆయన తల దించుకున్నాడు. ఆ తలలో సిగ్గుంది, ప్రేమ కూడా ఉంది, కాకపోతే రెండూ కలిసి కాళ్లని కదిలించలేకపోయాయి.

వెనకగది తలుపు తీసుకుని వదినగారు వచ్చింది. అప్పటికే ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని ఉంది.

"ఇంటి మనిషే కదా కావాలి? నేనొస్తా పద."

"మీరెందుకు వదినా, శ్రమ…"

"ఏం, నేను ఇంటి మనిషిని కానా?"

టీచరమ్మ పెట్టె, సంచీ తీసుకుంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఇప్పుడు చెప్పాలి, ఈ బస్సు దిగేలోపు చెప్పెయ్యాలి అని టీచరమ్మ అనుకుంది. "వదినా, అక్కడ కొన్ని మాటలు వినపడతాయి…" అని మొదలుపెట్టింది.

"మైకు పెడతారుగా, వినపడతాయిలే" అంది వదినగారు కిటికీలోంచి చూస్తూ.

"అది కాదు. నేను చెప్పే పాఠాలున్నాయే…"

"ఊఁ, చెప్పు."

వదినగారు కిటికీ వైపు నుంచి మొహం తిప్పింది. ఎదురు చూసింది. ముందు సీట్లో ఇద్దరు ఆఫీసుకెళ్లేవాళ్లు పేపరు చదువుకుంటున్నారు. టీచరమ్మ వాళ్ల వీపులు చూసింది, వదినగారి తెల్లజుట్టు చూసింది. "ఏం లేదు. అక్కడ అడిగినదానికి 'మా మరదలు పిల్లలకి ఆరోగ్యం పాఠాలు చెప్తుంది' అంటే చాలు" అంది.

వదినగారు మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయింది.

హాలు గేటు మీద 'ఆరోగ్య సామగ్రి పంపిణీదారుల సమావేశం' అని గుడ్డ కట్టి ఉంది. అసలు పేరు కడితే హాలు ఇవ్వనని యజమాని అన్నాడట. వాచ్‌మన్ టీచరమ్మ సంచీ చూసి, ఉచితంగా ఇచ్చే నమూనాలేమైనా ఉన్నాయా అని ఆశగా అడిగాడు. లోపల కుర్చీలన్నీ నిండాయి. బంగారు బిళ్లలవాళ్లంతా ముందు వరుసలో తళతళలాడుతున్నారు. క్షవరం చేసే తమ్ముడు కూడా వచ్చాడు. ఏటా వస్తాడు. బిస్కెట్లు బాగుంటాయి.

మొదటి సాక్ష్యం ఒక కుర్ర సలహాదారుడి తల్లిది. "మావాడు సలహాలిస్తాడండీ. అందరికీ ఇస్తాడు. నాక్కూడా ఇస్తాడు, నేను వినను" అంది. హాలంతా గొల్లుమంది. "ఇంట్లో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు కదా, సంతోషం" అన్నాడు అధ్యక్షుడు. బిళ్ల గుచ్చడం అయిపోయింది.

తర్వాత టీచరమ్మని పిలిచారు. వదినగారు వేదిక మెట్లు చిన్నగా ఎక్కింది. మైకు ముందు నిలబడి, దాన్ని కాస్త కిందికి వంచమని వేలితో చూపించింది. కార్యదర్శి వచ్చి వంచాడు.

"అమ్మా, మీ మరదలుగారు చేసే పనేమిటో రెండు ముక్కల్లో…" అన్నాడు అధ్యక్షుడు.

"పిల్లలకి లైంగిక విద్య చెప్తుంది" అంది వదినగారు.

హాల్లో ఎక్కడో గాజుగ్లాసు కింద పడింది. సంఘం వేదిక మీద ఆ మాట పెద్ద డాక్టరమ్మ తర్వాత మళ్లీ వినబడటం అదే మొదటిసారి. ముందు వరుసలో ఒకాయన ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు, హాలు యజమాని విన్నాడేమోనని. పక్కన నిలబడ్డ టీచరమ్మ గిరుక్కున వదినగారి వైపు తిరిగింది.

అధ్యక్షుడు తేరుకున్నాడు. "చాలా బాగా చెప్పారు. ఇంట్లో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు కదా, సంతో…"

"ఉండు నాయనా. అడిగినవాడివి, చెప్పనివ్వాలిగా."

అధ్యక్షుడి 'సంతోషం' సగంలోనే ఆగిపోయింది.

"చెప్పింది" అంది వదినగారు. "నేను ఆ ఇంట్లో కాలు పెట్టిన కొత్తలోనే చెప్పింది. చేతులూ పళ్లూ అని చెప్పింది. నా తమ్ముడి ఇంట్లో బీరువా వెనక ఆ మాట రాసున్న బొమ్మల పటాలు చుట్టిపెట్టి ఉంటే, నాకు కళ్లు లేవనుకుందో ఏమో! సరే, ఇవాళ కాకపోతే రేపు చెప్తుందిలే అనుకున్నా. రోజూ అడిగేదాన్ని. ఇవాళ చేతులా పళ్లా అని. ఎప్పుడో ఒకప్పుడు ఆ రెండూ కాదు వదినా అంటుందని. అన్లేదు."

టీచరమ్మ చేతిలో ఉన్న గుడ్డసంచీ వైపు వేలు చూపించింది.

"అందులో ఉన్న ఎర్ర మఖమల్ సంచీ కుట్టింది నేనే. జీర్ణకోశమని చెప్పింది. నా కడుపులో రెండుసార్లు బిడ్డ నిలిచింది, రెండుసార్లూ పోయింది బాబూ. అది ఎక్కడ నిలిచిందో, ఎందుకు పోయిందో నాకు ఒక్కరూ చెప్పలేదు. అడిగితే తప్పు. మా ఆయన పోయేదాకా ఆ మాట మా ఇద్దరి మధ్యా రాలేదు. ఆ సంచీ కుడుతుంటే తెలిసింది, ఓహో, ఇదన్నమాట అని. ఇప్పుడైనా చెప్తుందని లోపల అస్తరు కూడా వేసి ఇచ్చా. తిన్నవి అరగనివి అని చెప్పి పట్టుకుపోయింది. ఊళ్లో పిల్లలందరికీ చెప్తుంది. మంచిది, చెప్పాలి. నేను కూడా ఆ ఇంట్లోనే ఉన్నాగా."

గొంతు పెంచలేదు. ఏడవనూ లేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

అధ్యక్షుడు మైకు దగ్గరికి వంగి, నెమ్మదిగా అంటున్నాననుకుంటూ గట్టిగానే అన్నాడు: "అమ్మా, ఒక్కసారి 'లేదు' అనెయ్యండి. ఇదంతా లాంఛనం."

"లాంఛనమైతే నన్నెందుకు పిలిచారు నాయనా? బిళ్ల గుచ్చడానికి గుండుసూది చాలదూ?"

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. చిత్రమేమిటంటే, ముందు వరుసలో బంగారు బిళ్లల తళతళ తగ్గిపోయింది. ఒకావిడ కొంగు భుజం మీదకి లాక్కుంది, ఒకాయన చేతులు కట్టుకున్నాడు, ఇంకొకాయనకి ఉన్నట్టుండి చలేసి కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. క్షవరం చేసే తమ్ముడు బిస్కెట్ మింగలేక దగ్గుతున్నాడు. అధ్యక్షుడు చికిత్సకుడు కదా, వెంటనే చికిత్స కనిపెట్టాడు.

"పెద్దావిడ అలసిపోయినట్టున్నారు. ఆ విషయం అలా ఉంచుదాం. మన కోశాధికారిగారి భార్య టీచరమ్మకి సొంత అక్కలాంటిది. ఆవిడ వచ్చి ఆ కార్యక్రమం…"

కోశాధికారిగారి భార్య అప్పటికే లేచి, చెప్పులు సర్దుకుంటోంది.

టీచరమ్మ ఆ గుండుసూది వైపు చూసింది. 'సరే' అంటే చాలు. నోరు మూసుకుని నిలబడినా చాలు. వచ్చే ఏడాది బడులు ఉంటాయి, పిల్లలుంటారు, పెట్టె ఉంటుంది. పెట్టె మీద రాసిన మాట గుర్తొచ్చింది. ఆ మాట రాసింది తనే, సొంత దస్తూరీతో. ఇంట్లో ఒక మనిషి రోజూ సాయంత్రం అదే ప్రశ్నని పెట్టెలో వేస్తూనే ఉంటే, మూత తియ్యని మనిషీ తనే. తన మీద తనకే అసహ్యం వేసింది.

మైకు దగ్గరికొచ్చింది. "వదిన చెప్పింది నిజం. నేను అబద్ధమే చెప్పాను. బిళ్ల వద్దు" అంది.

"ఆలోచించండి! బడులు…" అన్నాడు కార్యదర్శి. ఆయన బెంగ బడుల గురించి కాదు. ఇలా అయితే మనందరి బిళ్లల సంగతేమిటని పక్కాయనతో అప్పటికే రెండుసార్లు అన్నాడు.

"ఆలోచించే చెప్పానండీ."

పెద్ద డాక్టరమ్మ నియమం ఉన్నదున్నట్టుగా అమలైంది ఆ ఒక్క మనిషి మీదే. సంఘం అందుకు మినిట్స్‌లో విచారం వ్యక్తం చేసింది.

ఇద్దరూ తిరుగు బస్సెక్కి కూర్చున్నారు. తర్వాత వదినగారే అడిగింది.

"ఉద్యోగం పోతుందా?"

"బడులు మళ్లీ తెరిచాక పోయినట్టే. మళ్లీ సభ వచ్చే ఏడేగా."

"నా మూలాన్నే."

"కాదు వదినా, నా మూలాన్నే."

"అదీ నిజమేలే" అంది వదినగారు. మర్యాదకైనా కాదనలేదు.

తలుపు తీసింది లిఫ్టు మెకానిక్. "ఏమైంది? ఇచ్చారా?" అన్నాడు. గొంతు గంటలా మోగింది.

"గొంతొచ్చిందే!" అంది అక్కగారు.

"ఇప్పుడే అక్కా… వేడినీళ్లు తాగితే…"

"అయితే ఇంకో గ్లాసు తాగి కూర్చో. వచ్చే ఏడు పనికొస్తుంది" అని వెనకగదిలోకి వెళ్లిపోయింది. ఆయన పెళ్లాం మొహం చూశాడు. చూశాక వెళ్లి స్టవ్ మీద టీ పెట్టాడు.

టీచరమ్మ వెనకగది గుమ్మంలో నిలబడింది. లోపలికొచ్చి చేతిలో పెట్టె మంచం మీద పెట్టింది. వదినగారు దాన్ని పక్కకి నెట్టేసింది.

"నేను చీటీలు రాయను. నోటితోనే అడుగుతా. నువ్వు కూడా నోటితోనే చెప్పు."

"అడగండి వదినా."

వదినగారు మిషను చక్రాన్ని ఊరికే ఒకసారి తిప్పింది. అడగబోయి ఆగింది. ఆ పెద్ద హాల్లో, మైకు ముందు తొణక్కుండా నిలబడ్డ మనిషి, తన సొంత గదిలో, తన మిషను ముందు తడబడింది.

"మా అత్తగారు అనేది, నీళ్ల బకెట్ ఎత్తావు, అందుకే పోయిందని. రెండోసారి ఎత్తలేదే. అయినా పోయింది. ఎప్పుడు ఎత్తావో గుర్తుచేసుకో అనేది. ఏళ్ల తరబడి గుర్తుచేసుకుంటూనే ఉన్నా. నిద్రలో కూడా బకెట్లే. నిజం చెప్పు, నేను ఎత్తినందుకేనా?"

టీచరమ్మకి కన్నీళ్లు ఆగలేదు. అయినా గొంతు క్లాసులో ఉన్నట్టే నిలబెట్టుకుంది.

"కాదు వదినా. తొలినెలల్లో పోయేవి చాలావరకు పిండం మొదట్లోనే సరిగ్గా కుదరక పోతాయి. బకెట్ ఎత్తినందుకు పోవు. మీరు చేసిన తప్పు ఏదీ లేదు."

వదినగారు వింది. ఇంకోసారి చెప్పమంది. టీచరమ్మ ఇంకోసారి చెప్పింది. హాల్లో రాని ఏడుపు అప్పుడొచ్చింది వదినగారికి. ఆపుకోవాలని కూడా చూడలేదు, మిషను బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. టీ గ్లాసులతో గుమ్మం దాకా వచ్చిన తమ్ముడు అక్కడే నిలబడిపోయాడు.

కాసేపటికి తలెత్తి మొహం తుడుచుకుంది.

"ఈ ముక్క నేనొచ్చిన రోజునే చెప్పుంటే నీ సొమ్మేం పోయేదే?"

టీచరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఏడుపు చాల్లే. ఆ ఎర్ర సంచీ ఇలా తే" అంది వదినగారు. తమ్ముడి వైపు తిరిగి, "నువ్వక్కడ గుంజలా నిలబడకు. టీ కింద పెట్టి వచ్చి కూర్చో. నువ్వూ విను" అంది.

ఆయన వచ్చి నేల మీద కూర్చున్నాడు. టీచరమ్మ సంచీలోంచి మఖమల్ గర్భసంచి తీసి వదినగారి ఒళ్లో పెట్టింది. వదినగారు తను వేసిన అస్తరుని వేలితో తడిమింది.

"ఊఁ. మొదటి నుంచి చెప్పు. ఆ పిల్లలకి ఎలా చెప్తావో అలాగే చెప్పు. చేతులూ పళ్లూ వదిలేసి."